మరక చాయ్‌ది, తప్పు కార్మికుడిదా?



ముందు పన్నుకు పంటి రంగు సిమెంటు పెట్టించుకున్న షోలాపూర్ సాంచా కార్మికుడు కొన్నాళ్ళకు దంతవైద్యుడి దగ్గరికి మళ్ళీ పోతే సాధారణంగా వినే మాటలు రెండు. "చాయ్ మానెయ్" అన్నది ఒకటి. "ఇది తీసేసి కొత్తది పెట్టాలి" అన్నది రెండోది. మొదటి మాట సగమే నిజం. రెండోది ప్రతిసారీ అవసరం కాదు. కానీ వారం కూలికి ఎసరు పెట్టేది ఆ రెండో మాటే!

మనం సిమెంటు అంటున్నది నిజానికి సిమెంటు కాదు. రెజిన్ అనే ప్లాస్టిక్ బంకలో గాజుపొడి వంటి సన్నని రేణువులు కలిపిన ముద్ద. దాన్ని పంటిలో నింపి నీలి వెలుతురుతో గట్టిపరుస్తారు. ఈ రెజిన్ కొద్దికొద్దిగా నీటిని పీలుస్తుంది, నీటితోపాటు రంగునూ పీలుస్తుంది. చాయ్, కాఫీ, కూరలో పసుపు అన్నీ అంటుతాయి. కోలాల్లోని ఆమ్లం పై పొరను మెత్తబరిస్తే, ఆ తర్వాత తాగిన చాయ్ మరింత పట్టుకుంటుంది. రంగుల ఖాతాలో పనిచేసినవారికి ఇది వేరే చెప్పాలా? కరక్కాయలో ఉండే టానిన్ల జాతివే చాయ్‌లోనూ ఉన్నాయి. అయితే రంగు ఎంత పట్టేదీ నూలునుబట్టి, నానిన సేపునుబట్టి కూడా ఉంటుంది కదా!

ఇక్కడే వైద్యుడి పని వస్తుంది. గట్టిపరిచేటప్పుడు గాలి తగిలిన పై పొర పూర్తిగా గట్టిపడదు, జిగటగా మిగిలిపోతుంది. దాన్ని అరగదీసి నున్నగా పాలిష్ చెయ్యాలి. తొందరలో ఆ పని వదిలేస్తే మరక త్వరగా పడుతుంది. నింద మాత్రం చాయ్ మీద పడుతుంది!

మరక పైపైన ఉంటే మళ్ళీ పాలిష్ చేస్తే పోతుంది. రంగు లోపలికి దిగినా, అంచు కింద పన్ను పుచ్చినా అప్పుడు మార్చాల్సిందే. అంచున కనిపించే గోధుమ గీత పుచ్చో, ఉత్త మరకో పరీక్షించి చెప్పమని అడగండి. మార్చిన ప్రతిసారీ మంచి పన్ను కూడా కొంత పోతుంది. పళ్ళు తెల్లబరిచే మందులు పంటి మీదే పనిచేస్తాయి, ఫిల్లింగు రంగును మార్చవు. (తంబాకు, గుట్కా, బీడీలను మేము వెనకేసుకురావడం లేదు. వాటి సంగతి మరకతో ఆగదు.)

ఇక చాయ్. పన్నెండు గంటల పాళీలో నిద్రనూ ఆకలినీ ఆపుకోవడానికి తాగే చాయ్‌ని మానెయ్యమనడం సులువు. అసలు మరకకంటే చెడ్డది అందులోని చక్కెర. అది ఫిల్లింగు అంచున పన్నును మళ్ళీ పుచ్చేలా చేస్తుంది. గంటసేపు చప్పరించకుండా ఒక్కసారిగా తాగేసి నీళ్ళతో పుక్కిలిస్తే రెండింటికీ మేలు. ఆ నీళ్ళేవి? 1948 ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షన్ తాగునీరు అందుబాటులో పెట్టమనడమే కాక, ఆ చోట కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో "తాగునీరు" అని రాయమంది. మన కార్ఖానాల్లో ఆ మాట తెలుగులో ఎక్కడైనా చూశారా? 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో వచ్చిన కోడ్‌లో కూడా నీళ్ళు పెట్టే బాధ్యత యజమానిదే.

కనుక మన డిమాండ్లు రెండు. సాంచాల వరస పక్కనే మంచినీళ్ళు పెట్టాలి. ఇ.ఎస్.ఐ. దంత విభాగంలో ఫిల్లింగు పెట్టిన ప్రతివారికీ పాలిష్ చేసి పంపాలి, మరక పడితే ముందు పాలిష్ చేసి చూడాలి.