పత్తిచేనుకు కంచె ఎవరు?

కంచే చేను మేస్తే ఇక కాపాడే దిక్కెవరు అని మన పెద్దలు అంటుంటారు. ఈ సామెతను ఇవాళ పత్తికి అన్వయించి చూడవలసిన అవసరం వచ్చిందని నా అభిప్రాయం. పల్లెల్లో రైతుల మధ్య, కూలీల మధ్య పనిచేసే స్వచ్ఛంద సంస్థలు కొన్ని, బట్టల కంపెనీలు కూడా ఉన్న ఒక అంతర్జాతీయ వేదికలో సభ్యులుగా చేరుతున్నాయి. చేరడమే తప్పని కొందరంటున్నారు. చేరకపోవడమే తప్పని మరికొందరంటున్నారు. నేను చేరాలనే పక్షం. అయితే సభ్యత్వ రుసుం కట్టి ఊరికే కూర్చుంటే చాలదు. ఏ షరతుల మీద చేరాలో కూడా తేల్చుకోవాలి. ఈ నాలుగు మాటలూ అందుకే రాస్తున్నాను.

ముందు ఆ వేదిక సంగతి. దాని పేరు బెటర్ కాటన్ ఇనిషియేటివ్, పొట్టిగా బి.సి.ఐ. ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. పూనికతో 2005లో జరిగిన చర్చల్లోంచి ఇది పుట్టింది. తొలి రోజుల్లో దీనికి మద్దతునిచ్చిన వాటిలో ఒకవైపు అడిడాస్, గ్యాప్, హెచ్ అండ్ ఎం, ఐకియా వంటి వ్యాపార సంస్థలున్నాయి. మరోవైపు ఆక్స్‌ఫామ్, పురుగుమందుల మీద పోరాడే పెస్టిసైడ్ యాక్షన్ నెట్‌వర్క్ బ్రిటన్ శాఖ వంటి సంస్థలున్నాయి. 2009లో అది ఒక సంస్థగా రూపుకట్టింది. 2010-11 పంటకాలంలో ఇండియా, పాకిస్తాన్, బ్రెజిల్, మాలి దేశాల్లో తొలి పంట తీశారు. ఇవాళ ప్రపంచంలో పండే పత్తిలో దాదాపు ఐదో వంతు దీని లెక్కలోకి వస్తున్నది. మన దేశంలో లక్షలాది రైతులు ఇందులో ఉన్నారు. తెలంగాణా, ఆంధ్ర రైతులూ ఉన్నారు.

ఇది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. సన్నకారు రైతులను సుమారు పాతిక నుంచి ముప్ఫై అయిదు మంది చొప్పున జట్లుగా చేస్తారు. అలాంటి జట్లు కలిసి ఒక యూనిట్. జట్ల దగ్గరకు క్షేత్ర సిబ్బంది వెళ్ళి నీళ్ళు ఎలా పొదుపు చేయాలి, నేలను ఎలా కాపాడాలి, ఏ మందు వాడకూడదు, కూలీలను ఎలా చూడాలి అన్నవి చెబుతారు. రైతు ఒక పుస్తకంలో తాను వేసిన ఎరువు, కొట్టిన మందు రాసుకోవాలి. ఇది సేంద్రియ పత్తి కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి. మందు తగ్గించమంటుంది గాని పూర్తిగా మానమనదు. బి.టి. విత్తనాన్ని వద్దనదు. ఇంత ఎక్కువ ధర ఇస్తామని రైతుకు హామీ కూడా ఇవ్వదు.

ఇక సభ్యత్వం. ఇందులో ముఖ్యంగా నాలుగు వర్గాలు: బట్టలమ్మే కంపెనీలు, నూలు-వస్త్ర తయారీదారులు, పత్తి పండించేవారి సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు. తయారీదారుల సంఖ్య వేలల్లో ఉంది, బట్టల కంపెనీలు వందల్లో ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థలో? పదుల్లోనే. అయినా పాలక మండలిలో నాలుగు వర్గాలకూ సమాన స్థానం ఉండాలన్నది దాని నిర్మాణ సూత్రం. ఈ లెక్కను జాగ్రత్తగా గమనించమని మనవి. వేలమందిలో ఒక మిల్లు యజమాని ఓటు ఆవగింజంత. పదుల్లో ఒక స్వచ్ఛంద సంస్థ ఓటు అంతకన్నా ఎన్నో రెట్లు బరువు తూగుతుంది. ఆ కుర్చీని ఖాళీగా వదిలేసి బయట నిలబడి తిట్టడం వల్ల రైతుకు ఒరిగేదేమిటి?

కాదనేవారి వాదాన్ని కూడా న్యాయంగా చెప్పాలి. "కంపెనీల పక్కన కూర్చుంటే కంపెనీల భాషే వస్తుంది. మన పేరు వాళ్ళ చొక్కా మీది చీటీకి అలంకారమవుతుంది. తరువాత నోరెత్తలేము" అంటారు వాళ్ళు. ఈ భయం ఉత్తది కాదు. అయితే మన నేల మీద జరిగిన రెండు సంగతులు చూస్తే దీనికి జవాబు దొరుకుతుందని నాకనిపిస్తుంది.

మొదటిది పునుకుల కథ. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్న సంగతి మన పెద్దవాళ్ళింకా మరిచిపోలేదు. పురుగు విరుచుకుపడింది. కొట్టిన మందు పనిచేయలేదు. ఇంకో మందు కొట్టారు. అప్పిచ్చినవాడూ, మందు అమ్మినవాడూ చాలా చోట్ల ఒక్కడే. చివరకు పురుగు చావలేదు గాని అదే మందు తాగి రైతు చచ్చిపోయాడు. ఆ తరువాతి ఏళ్ళలో నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల అనే ఊళ్ళో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ, రైతులు కలిసి మందు లేకుండానే పత్తి పండించి చూపారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎరపంటగా ఆముదం, బంతి: ఇవే ఆయుధాలు. 2004 నాటికి పునుకుల తనను తాను పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకుంది. ఆ పద్ధతినే తరువాత ప్రభుత్వం గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా, మహిళా సంఘాల ద్వారా వేల ఊళ్ళకు తీసుకుపోయింది. ఇవాళ పెద్ద పెద్ద సమావేశాల్లో చెప్పే "తక్కువ మందుతో పత్తి" అన్న పాఠం ఏ జెనీవా కార్యాలయంలోనో పుట్టింది కాదు. ఇలాంటి ఊళ్ళలో, ఇలాంటి సంస్థల చేతుల్లో పండింది. తాను పండించిన జ్ఞానం గురించి మాట్లాడే చోట తాను లేకపోవడం ఏ విధంగా స్వాభిమానం అవుతుంది?

రెండోది కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పత్తివిత్తనం కథ. సంకర విత్తనం తయారీకి పువ్వు పువ్వునూ చేత్తో క్రాసింగ్ చేయాలి. ఆ పనికి చిన్న చిన్న ఆడపిల్లలను బడి మాన్పించి పెట్టేవారు. ఎం.వి. ఫౌండేషన్ ఈ విషయం మీద ఊరూరా ప్రచారం చేసింది. పిల్లలను బళ్ళలో చేర్పించింది. అంతేకాదు, విత్తన కంపెనీల ప్రతినిధులతో ముఖాముఖి కూర్చుని వాదించింది. కూర్చున్నంత మాత్రాన దాని నోరు పడిపోలేదు. ఆ సంస్థను నడిపించిన శాంతాసిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2005లో దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా ద కోర్టా రాసిన నివేదిక ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. కంపెనీ విత్తనానికి ఇచ్చే ధర తక్కువైతే రైతు పెద్దవాళ్ళకు కూలి ఇవ్వలేడు, అందుకే పిల్లలను పెడతాడు అని లెక్కలు కట్టి చూపించింది. అంటే "బాలకార్మికులను పెట్టకు" అని రైతును గద్దించడం సులువు. "ముందు నువ్విచ్చే ధర సంగతి చెప్పు" అని కంపెనీని అడగడం కష్టం. స్వచ్ఛంద సంస్థ ఉండేది ఆ కష్టమైన ప్రశ్న అడగడానికే.

కాబట్టి బల్ల దగ్గర కూర్చోవడం తప్పు కాదు. కూర్చుని ఏం చేస్తున్నామన్నదే ప్రశ్న. ఇక్కడే నాకు దిగులు.

ఇలాంటి వేదికలు పొరపడవని ఎవరూ అనుకోనక్కరలేదు. చైనాలోని షింజియాంగ్‌లో బలవంతపు చాకిరీ ఆరోపణలు గట్టిగా వచ్చాక, 2020 మార్చిలో బి.సి.ఐ. అక్కడి పత్తికి లైసెన్సులివ్వడం ఆపింది. అక్టోబరులో క్షేత్ర కార్యక్రమాలన్నీ మానుకుంది. 2024 ఏప్రిల్‌లో ఎర్త్‌సైట్ అనే సంస్థ బ్రెజిల్‌లోని బాయియా రాష్ట్రం మీద నివేదిక ప్రచురించింది. అడవుల నరికివేతతో, భూ ఆక్రమణలతో సంబంధమున్న పెద్ద కమతాల పత్తి ఈ "మేలైన పత్తి" ముద్రతోనే పెద్ద దుకాణాలకు చేరిందని అందులో ఆరోపించింది. ఆ సంగతి తవ్వి తీసినది లోపలి తనిఖీ కాదు, బయటి సంస్థ. లోపల కూర్చున్నవాళ్ళు బయటివాళ్ళ చూపును పోగొట్టుకోకూడదన్నదే ఇందులోని నీతి.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఈ పథకాన్ని ఊళ్ళలో నడిపేది కూడా చాలాచోట్ల స్వచ్ఛంద సంస్థలే. జట్లు కట్టేది వాళ్ళే, సిబ్బందిని పెట్టేది వాళ్ళే, రైతుల పుస్తకాలు చూసేది వాళ్ళే. ఆ పనికి డబ్బు వస్తుంది. ఆ డబ్బులో కొంత భాగం బట్టల కంపెనీలు తాము కొన్న పత్తి పరిమాణాన్ని బట్టి చెల్లించే రుసుం నుంచి వస్తుంది. ఇందులో దొంగతనమేమీ లేదు, పని చేసినవాడికి కూలి రావలసిందే. కానీ అదే సంస్థ రైతు పక్షాన పాలక మండలిలో కూర్చుని అదే కంపెనీని నిలదీయాలంటే గొంతు లేస్తుందా? వచ్చే ఏడు సిబ్బంది జీతాలు ఎక్కడినుంచి తేవాలో తెలియని కార్యదర్శి ఎంత మంచివాడైనా ఒక మాట మింగుతాడు. కంచె చేను మేయడం అంటే ఎప్పుడూ దురాశే కానక్కరలేదు. ఒక్కోసారి అది భయం కూడా.

అందుచేత చేరబోయే సంస్థలకు నేను మూడు షరతులు సూచిస్తున్నాను.

మొదటిది: పథకం నడిపే చేయి, కాపలా కాసే కన్ను ఒకటి కాకూడదు. కార్యక్రమం నడపడానికి డబ్బు తీసుకునే సంస్థ ఆ సంగతిని తన రైతులకు, తోటి సంస్థలకు బాహాటంగా చెప్పాలి. తాను పనిచేసే జిల్లాలో తనిఖీ మాట వచ్చినప్పుడు పక్కకు తప్పుకోవాలి. ఆ పని డబ్బు ముట్టని మరో సంస్థ చేయాలి.

రెండోది: లెక్క రైతుకు చెప్పాలి, తెలుగులో చెప్పాలి. ఈ పథకంలో ఇన్నేళ్ళుగా నడిచిన ఒక పద్ధతి చూడండి. పాలకేంద్రంలో అందరి పాలూ ఒకే క్యానులో పోసినట్టు, మేలైన పత్తినీ మామూలు పత్తినీ మిల్లులో కలపవచ్చు. కొన్నంత పరిమాణానికి లెక్క మాత్రం కాగితం మీద నడుస్తుంది. ఏ చొక్కాలో ఏ ఊరి పత్తి ఉందో చెప్పలేము. పత్తి ఏ దేశం నుంచి వచ్చిందో ఆనవాలు పట్టే ఏర్పాటు 2023 చివరలో గాని మొదలు కాలేదు. ఈ సంగతి పాతిక మంది రైతుల జట్టులో ఎందరికి తెలుసు? తమ పేరు మీద పోయే లెక్క ఎవరికి ఏ లాభం తెస్తున్నదో తెలుసుకునే హక్కు వాళ్ళకు లేదా? సభ్య సంస్థ ఏడాదికొకసారి రచ్చబండ దగ్గర నిలబడి, "మేము ఈ తీర్మానానికి ఓటేశాం, దీనికి వెయ్యలేదు, కారణమిది" అని చెప్పాలి. కౌలు రైతును కూడా పిలిచి చెప్పాలి. పత్తి ఏరే ఆడకూలీలనూ పిలవాలి. పాసుపుస్తకం లేనివాడికి గుర్తింపు కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లోనే చట్టం వచ్చింది. అయినా అతడు ఇప్పటికీ చాలా లెక్కల్లో కనిపించడు. ఈ లెక్కలోనైనా కనిపించాలి.

మూడోది, ముఖ్యమైనది: ధర మాట ఎత్తాలి. నీళ్ళ గురించి, నేల గురించి, పక్షుల గురించి ఎంత చెప్పినా కాంటా దగ్గర రైతు ఓడిపోతే అన్నీ ఓడిపోయినట్టే. 2025-26కు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ పన్నెండు శాతం దాటిందంటే కాటన్ కార్పొరేషన్ కేంద్రంలో కొనరు. వానలో తడిసిన పత్తితో రైతు దళారి గుమ్మం తొక్కుతాడు. అదే ఏడు ఆగస్టులో విదేశీ పత్తి మీది పదకొండు శాతం సుంకాన్ని డిసెంబరు చివరిదాకా ఎత్తివేశారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న మాట పత్తి రైతు కోసమే పుట్టిందేమో! మద్దతు ధర, సుంకం ప్రభుత్వం చేతిలోవి, నిజమే. కానీ నేల కాపాడినందుకు, మందు తగ్గించినందుకు, పిల్లను బడికి పంపినందుకు రైతుకు దక్కవలసిన నాలుగు రూపాయల మాట కంపెనీల చేతిలోది. ఆ మాట ఆ బల్ల దగ్గర ఎత్తగలిగినవాళ్ళు రైతు సంఘాల తరువాత స్వచ్ఛంద సంస్థలే.

ఈ మూడింటికీ ఒప్పుకోని చోటునుంచి లేచి రాగల ధైర్యం కూడా ఉండాలి. లేచి రాగలవాడు కూర్చుంటేనే ఆ కూర్చోవడానికి విలువ. ఎప్పటికీ లేవడని తెలిసినవాడి మాట ఎవరు వింటారు?

విద్యార్థి మిత్రులారా! ఇది మనకు సంబంధించని గొడవ అనుకోకండి. మనలో చాలామంది ఇళ్ళల్లో పత్తి వేస్తారు, మా ఇంట్లోనూ వేస్తారు. మన కళాశాలలో అర్థశాస్త్రం చదివేవారున్నారు, వృక్షశాస్త్రం చదివేవారున్నారు. రేపు మనలో కొందరు ఇలాంటి సంస్థల్లోనే ఉద్యోగాలు చేస్తారు. సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో ఇలాంటి జట్టు ఉందేమో కనుక్కోండి. ఉంటే రైతు పుస్తకం అడిగి చూడండి. అందులో రాత రైతుదా, వేరొకరిదా? అమ్మినప్పుడు ఒక్క రూపాయి అయినా ఎక్కువ వచ్చిందా? కూలీలకు ఆ పథకం పేరైనా తెలుసా? ఈ మూడు ప్రశ్నలకు జవాబులు పోగుచేసి మీ అధ్యాపకులకు చూపండి, సభ్య సంస్థకు పంపండి. పదిమంది చదువుకున్నవాళ్ళు ఇలా అడుగుతున్నారని తెలిస్తే మండలిలో కూర్చున్నవాడి గొంతుకు కూడా బలం వస్తుంది.

స్వచ్ఛంద సంస్థలు పత్తిచేనుకు కంచెగా నిలవాలి, తప్పకుండా చేరాలి. అయితే ఏ కంచెనైనా రైతు అప్పుడప్పుడు చుట్టూ తిరిగి చూసుకుంటాడు. ఎక్కడ వంగిందో, ఎక్కడ విరిగిందో సరిచేసుకుంటాడు. ఆ తిరిగి చూసే పని చదువుకున్న మన తరానిది.