పీట్ నేల: ల్యాబ్‌లో వచ్చిన ఒక్క అంకె నమ్మి కాలువ తవ్వొద్దు

పీట్ నేల గుండా నీరు ఎంత వేగంగా పోతుందో ల్యాబ్‌లో ఎలా కొలుస్తారో పై వీడియోలో చూశారు కదా. ఆ పరీక్ష అవసరమే. కానీ ఒక్క మట్టి ముక్క మీద వచ్చిన ఒక్క అంకెతో భూమి మొత్తానికి కాలువలు గీయడం తప్పు అని నా అభిప్రాయం.

పీట్ అంటే నీళ్ళలో మునిగి, గాలి అందక, నాచు, ఆకులు, వేర్లు పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకున్న నేల. ఇండోనేషియాలో, ఉత్తర ఐరోపాలో చాలా ఉంది.

లెక్క తేలికే. హెన్రీ డార్సీ 1856లో ప్రచురించిన సూత్రమే ఇప్పటికీ వాడతారు. 10 సెం.మీ. పొడవు, 50 చదరపు సెం.మీ. అడ్డుకోత ఉన్న ముక్క గుండా, 20 సెం.మీ. నీటిమట్టం తేడాతో, నిమిషానికి 10 మి.లీ. నీరు వచ్చిందనుకోండి. అప్పుడు ఆ నేల విలువ నిమిషానికి 0.1 సెం.మీ.

చిక్కంతా ముక్క తీయడంలోనే ఉంది. పీట్ స్పాంజిలా మెత్తన. గొట్టం దించేటప్పుడే నొక్కుకుపోయి రంధ్రాలు మూసుకుంటాయి, అంకె తగ్గిపోద్ది. గొట్టానికీ మట్టికీ మధ్య సందు ఉంటే నీరు పక్క నుంచి జారి అంకె పెరుగుద్ది. లోపల గాలి బుడగలు ఉంటే దారి మూసేస్తాయి. అందుకే కింది నుంచి నెమ్మదిగా నీరు ఎక్కించాలి. ఇంకోటి, పొరలు పొరలుగా పేరుకున్న నేల కాబట్టి నిలువుగా ఒక వేగం, అడ్డంగా ఇంకో వేగం ఉండొచ్చు. ఘనాకారపు ముక్కకు మైనం పూసి, తిప్పి రెండు వైపులా కొలిచే పద్ధతి ఇందుకే వచ్చింది.

పీట్ నేలలో నీరు తీసేస్తే ఏమవుతుందో సెంట్రల్ కలిమంతన్‌ను చూడండి. 1990లలో ఇండోనేషియా ప్రభుత్వం సుమారు 10 లక్షల హెక్టార్లలో వరి పండించాలని వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. వరి పండలేదు. ఎండిన పీట్ 1997లో తగలబడింది. ఒకసారి బాగా ఎండిన పీట్ మళ్ళీ తడిపినా మునుపటిలా నీరు పట్టదు.

అందుకే ఎవరైనా ల్యాబ్ రిపోర్టు చూపిస్తే ఈ మూడు అడగండి: ఎన్ని ముక్కలు తీశారు? ఏ లోతులో తీశారు? నిలువుగా, అడ్డంగా రెండూ కొలిచారా? జవాబు లేకపోతే ఆ అంకెతో గునపం ఎత్తకండి.

మన పొలాల్లో నీరు ఇంకే పరీక్షకూ ఇదే వర్తిస్తుంది. ఒక్క చోట చూసి తేల్చేయకండి, నాలుగు చోట్ల చూడండి.