కొత్త యింట్లో పాత కాపురస్తులు

ఈ వారం వచ్చిన వాటిలో రెండు ఉత్తరాలకు కలిపి జవాబు వ్రాస్తున్నాను. రెండూ ఒకే జిల్లావి కావడమే కాదు, ఒకదానిలోని ప్రశ్నకు సగం జవాబు రెండోదానిలో వుంది.

కోవూరు నుంచి ఒక సోదరి యిలా వ్రాశారు: "డాక్టరుగారూ! మావారికి ఉదయగిరికి బదిలీ అయింది. దుర్గం కొండ కింద, వూరి చివర పెంకుటిల్లు ఒకటి కుదిరింది. ఏడాదిగా తాళం వేసి వున్న యిల్లు. పెరట్లో రాళ్లగుట్ట, పాత కట్టెల మోపులు వున్నాయట. మాకు తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. అది ఎడారిలాంటి చోటనీ, రాత్రయితే తేళ్లూ పాములూ యింట్లోకి వస్తాయనీ, కొండమీంచి ఎలుగుబంట్లు దిగుతాయనీ మా అత్తగారు హడలగొడుతున్నారు. పిల్లలతో వెళ్లనా, యిక్కడే వుండిపోనా? యింటిచుట్టూ కార్బాలిక్ ఆసిడ్ చల్లితే సరిపోతుందా?"

ఆత్మకూరు పాఠకుడొకరిది రెండో ఉత్తరం: "మా అమ్మకు తేలు కుట్టింది. మంత్రం వేయిస్తే రెండు గంటల్లో నొప్పి దిగిపోయింది. అయినా మా తమ్ముడు గొడవచేసి ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. అక్కడ ఒక రాత్రంతా వుంచారు. మంత్రంతో తగ్గినదానికి ఆసుపత్రి దేనికండీ?"

కోవూరు అమ్మాయికి ముందు సూటిగా చెబుతాను. పిల్లలతో సహా నిక్షేపంగా వెళ్లమ్మా. నెల్లూరు పడమటి మెట్ట ఎడారి కాదు. పెన్న కాలవల కింద వరిచేలు చూసిన కంటికి ఆ రాళ్లూ తుమ్మచెట్లూ అట్లా కనిపిస్తాయి గాని, అక్కడ తరతరాలుగా సంసారాలు సాగుతూనే వున్నాయి. వెలికొండల్లో ఎలుగుబంట్లు వున్నమాట నిజమే. చీకటితో ఒంటరిగా కొండ ఎక్కకుండా వుంటే వాటి గొడవ మీకు లేదు. యిక పాములంటారా, కోవూరు చేలగట్ల మీద లేవా? మీరు వాటికి అలవాటుపడ్డారు, అంతే.

అయితే మీ అత్తగారి భయాన్ని నేను కొట్టిపారెయ్యను. ఆమె భయపడడంలో తప్పు లేదు. దేనికి భయపడాలో, ఎప్పుడు భయపడాలో తెలియకపోవడంలోనే చిక్కంతా వుంది.

మనవాళ్ల సంగతి నేను చాలాకాలంగా చూస్తున్నాను. రోకలిబండ పాకితే కేకలు పెడతారు. అది పాపం ఎవరినీ ఏమీ చెయ్యదు. బల్లి మీద పడితే పంచాంగం తీస్తారు. జెర్రిపోతును వూరంతా కలిసి తరిమి చంపుతారు. అది విషం లేని పాము, ఎలుకల్ని తిని మనకు మేలుచేసేది. అదే యింట్లో రాత్రికి నేలమీద చాప పరిచి పిల్లల్ని పడుకోబెడతారు. దానికి మాత్రం ఎవరూ భయపడరు.

తేళ్ల విషయంలోనూ యిదే తంతు. నల్లగా, లావుపాటి పట్టకార్ల వంటి చేతులతో కనిపించే మండ్రగబ్బను చూసి గుండెలు బాదుకుంటారు. అది కుడితే మంట, నొప్పి బాగానే వుంటాయి గాని ప్రాణం మీదికి రావడం అరుదు. రెండు మూడు అంగుళాలుండే ఎర్ర తేలు అట్లా కాదు. దాని చేతులు సన్నం, తోక లావు. రాళ్ల కిందా, పెంకుల సందుల్లోనూ, కట్టెల మోపుల్లోనూ నక్కివుంటుంది. దాని విషం శరీరంలో అడ్రినలిన్ వంటి పదార్థాలను ఒక్కసారిగా వదిలించి రక్తనాళాలను బిగించేస్తుంది. ఆ బిగువుకు ఎదురుగా కొట్టుకోలేక గుండె అలిసిపోతుంది, వూపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎక్కువగా పసిపిల్లలే యిలా దెబ్బతింటారు.

అందుచేత ఆత్మకూరు మిత్రునికి నా జవాబు: మీ తమ్ముడు చేసినదే మంచిపని. చాలా తేలుకాట్లలో నొప్పి కొన్ని గంటలకు దానంతటదే దిగుతుంది. ఆ కొన్ని గంటలూ మంత్రం వేస్తూ కూర్చుంటే పేరు మంత్రానికి వస్తుంది. నొప్పి తగ్గినంత మాత్రాన విషం దిగినట్లు కాదు; గుండెకు యిబ్బంది కలిగిన వారిలో కొందరికి కుట్టినచోట నొప్పే అంతగా వుండదు. చూడవలసిన గుర్తులు వేరు. ఒళ్లంతా చెమటలు పట్టడం, వాంతులు, నోట్లో నీళ్లూరడం, చేతులూ కాళ్లూ మంచులా చల్లబడడం, ఆయాసం. మగపిల్లలలో అంగం గట్టిపడి అలాగే వుండిపోవడం కూడా ఒక గుర్తు. తల్లులు సిగ్గుపడి ఆ మాట దాచుకుంటారు. డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

దీనికి మందు కనిపెట్టిన కథ మా ప్రభుత్వ డాక్టర్లందరికీ గర్వకారణం. డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్ మహారాష్ట్రలో మహద్ దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తూ, తేలు కుట్టిన రోగుల మంచాల పక్కనే కూర్చుని గంట గంటకూ నాడి, రక్తపోటు వ్రాసుకున్నారు. 1982లో ఆ లక్షణాలను లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఆ తరువాత రక్తపోటుకు వాడే ప్రజోసిన్ అనే మాత్ర బిగిసిన నాళాలను సడలిస్తుందని వాడి చూపించారు. అంతకు ముందు విషం వంటికెక్కిన రోగుల్లో నూటికి పాతిక ముప్ఫైమంది దాకా పోయేవారు. సకాలంలో మాత్ర పడితే ఆ సంఖ్య ఒకటి రెండుకు దిగింది. 2022లో ఆయనకు పద్మశ్రీ యిచ్చారు. మీ అమ్మగారిని ఆ రాత్రి ఆసుపత్రిలో వుంచింది ఆ గుర్తుల కోసం కాచుకోవడానికే.

ఇక పాముల మాట. మన ప్రాంతంలో ఎక్కువగా ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. రక్తపింజరిని 1780ల్లో విశాఖపట్నంలో వున్న పాట్రిక్ రస్సెల్ అనే తెల్లదొర 'కాటుక రేకుల పొడ' అన్న తెలుగు పేరుతోనే తన పుస్తకంలో వ్రాసుకున్నాడు. ఆయనా వైద్యుడే. ఒంటిమీద కాటుక దిద్దిన రేకుల్లాంటి మచ్చలుంటాయి కనుక ఆ పేరు. చిన్నపింజరి మూరెడు మించదు, రాతినేలల్లో మట్టిరంగులో కలిసిపోతుంది. పొలుసులు ఒకదానికొకటి రాచి బరబర చప్పుడు చేస్తుంది. ఈ రెండింటి విషమూ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కాలు వాస్తుంది, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, రక్తపింజరి అయితే మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు. యివి కరిస్తే కనీసం కరిచినట్లు తెలుస్తుంది.

తెలియకుండా కరిచేది కట్లపాము. అది రాత్రి సంచారి. ఎలుకకోసమో, చిన్నపాములకోసమో వచ్చి, నేలమీద పడుకున్న మనిషి కదిలితే కాటువేస్తుంది. నొప్పి వుండదు, వాపు వుండదు, చాలాసార్లు పంటి గాటు కూడా కనిపించదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మెట్ట ప్రాంతపు చిన్న ఆసుపత్రికి తెల్లవారుజామున పన్నెండేళ్ల పిల్లవాడిని తీసుకువచ్చారు. కడుపునొప్పి, రెండు వాంతులు. పొట్ట నొక్కి చూశాను, మెత్తగానే వుంది. రాత్రి ఏం తిన్నాడని అడిగాను. పెళ్లి భోజనమన్నారు. యింకేముంది, కడుపునొప్పికి ఇంజక్షను వ్రాసి మరో రోగి దగ్గరికి వెళ్లాను. అరగంట తరువాత నర్సమ్మ వచ్చి, "సార్, ఆ పిల్లవాడు కళ్లు తెరవడం లేదు. నిద్ర కాదు, రెప్పలు ఎత్తలేకపోతున్నాడు" అంది. వెళ్లి చూసేసరికి వుమ్మి మింగలేకపోతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. అప్పుడు గాని నాకు తట్టలేదు. "రాత్రి ఎక్కడ పడుకున్నాడమ్మా?" అని తల్లిని అడిగితే, "నేలమీదే సామీ. కొత్తగా యిల్లు మారాం, మూడు రోజులే అయింది. మంచాలు యింకా రాలేదు" అంది.

అప్పటికి 108 వాహనాలు లేవు. అవి 2005లో వచ్చాయి. వున్న విషవిరుగుడు మందు ఎక్కించి, అద్దె జీపులో పెద్దాసుపత్రికి బయలుదేరాం. నేనూ నర్సమ్మా వంతులవారీగా గాలితిత్తి నొక్కుతూ పిల్లవాడికి దారిపొడుగునా వూపిరి అందించాం. కృత్రిమ శ్వాస మీద మూడు రోజులున్నాడు. నాలుగో రోజు కళ్లు తెరిచాడు. నర్సమ్మ రెప్పలు చూడకపోతే నా ఇంజక్షను వాడిని కాపాడేది కాదు. అప్పటినుంచి తెల్లవారుజామున కడుపునొప్పితో ఎవరు వచ్చినా, తిండి సంగతికి ముందు పడక సంగతి అడుగుతున్నాను.

మీ ఉత్తరం చదవగానే ఆ తల్లి మాటే గుర్తుకు వచ్చిందమ్మా. యిల్లు మారినవాళ్లకు అసలు ప్రమాదం మొదటి వారమే. ఏడాదిగా మనిషి అలికిడి లేని యిల్లు, మూటలూ పెట్టెలూ విప్పకుండా గోడలవారగా పడివుంటాయి, దీపాలు ఎక్కడున్నాయో తెలియదు, అలిసిపోయి అందరూ ఎక్కడివాళ్లక్కడ నేలమీద పడుకుంటారు. కాబట్టి మొదటి లారీలో బీరువా, సోఫా కాదు, మంచాలూ దోమతెరలూ వెళ్లాలి. మంచం గోడకు జానెడు ఎడంగా వెయ్యండి. దోమతెర అంచు పరుపు కిందికి గట్టిగా దోపండి, దుప్పటి నేలకు వేలాడనివ్వకండి. పెంకుల సందుల్లోంచి జారిపడే తేలుకూ ఆ తెరే అడ్డు.

దిగడానికి వారం ముందే మీవారిని వెళ్లి పగటిపూట యిల్లు తెరిపించమనండి. రాళ్లగుట్టనూ కట్టెలనూ యింటికి దూరంగా మార్పించాలి. పనివాళ్లు చేత్తో కాకుండా గడ్డపారతోనో, పొడుగు కర్రతోనో కదిలించాలి, కాళ్లకు బూట్లు వుండాలి. తూములకు జల్లెడ కొట్టించండి. తలుపు కింద సందు మూయించండి. ధాన్యం, బియ్యం డబ్బాల్లో వుంటే ఎలుకలు రావు, ఎలుకలు లేకపోతే పాముకు మీ యింట్లో పనిలేదు. రాత్రి పెరట్లోకి వెళితే టార్చి, చెప్పులు. బూటు వేసుకునేముందు దులపడం బాబుకు ఆటలా నేర్పండి. ఒక చిన్న తమాషా: అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూస్తే తేలు చీకట్లో పచ్చగా మెరుస్తుంది. పెరట్లో కాపురమున్నవెన్నో దానితో లెక్కపెట్టుకోవచ్చు. కంటికి వెలుగు తగలనివ్వకండి. జిల్లాలో అక్టోబరు, నవంబరు వానలకు కలుగుల్లో నీళ్లు చేరతాయి కనుక ఆ రోజుల్లో మరికొంత జాగ్రత్త.

కార్బాలిక్ ఆసిడ్ వద్దేవద్దు. దానివల్ల పాములు ఆగిన దాఖలా లేదు. కూల్‌డ్రింకు సీసాలో పోసి మూల పెట్టిన ఆసిడ్‌ను పిల్లలు తాగితే నోరూ గొంతూ కాలిపోతాయి. మీ యింట్లో నాలుగేళ్ల పాప వుంది.

పాము కరిస్తే ఏం చెయ్యాలని మీరు అడగలేదు గాని, వెళ్లేముందు తెలుసుకోండి. మెట్టెలు, గాజులు, కాలిపట్టీలు, వుంగరాలు తీసెయ్యండి. వాపు వస్తే అవే కోస్తాయి. కరిచిన కాలినో చేతినో బద్దకట్టి కదలకుండా వుంచండి, రోగిని నడిపించకండి. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం, పసరు పొయ్యడం ఏదీ వద్దు. పామును వెతికి చంపి తేనక్కరలేదు. మనకు దొరికే విరుగుడు ఆ నాలుగింటికీ కలిపి తయారైందే. దానికి కావలసిన విషంలో చాలాభాగం చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం నుంచే వస్తోంది. పిల్లలకు మందు తగ్గించి యివ్వరు, పాము పిల్లవాడని విషం తగ్గించదు కదా. ఆసుపత్రిలో రక్తం కొంచెం గాజుగొట్టంలో పోసి యిరవై నిమిషాలు కదపకుండా వుంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి విషమని అనుమానం. "ఊరికే కూర్చోబెట్టారు" అని డాక్టరుతో పోట్లాడకండి, ఆ యిరవై నిమిషాలూ పరీక్షే.

మన దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో పోతున్నారని 2020లో ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనం లెక్కకట్టింది. ఎక్కువమంది పల్లెల్లోనే. 2024లో కేంద్రం దీనికి జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. ప్రణాళిక మంచిదే. ఉదయగిరి నుంచి నెల్లూరు మాత్రం సుమారు వంద కిలోమీటర్లు, ఆత్మకూరు దాదాపు సగం దారిలో. అందుచేత దిగిన మర్నాడే మీవారిని ఉదయగిరి ప్రభుత్వాసుపత్రికి పంపి, పాముకాటు మందు నిలవ వుందా, రాత్రిపూట డాక్టరు ఎవరుంటారు అని అడిగిరమ్మనండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫరవాలేదు.

యింకొక మాట. ఆ వైపు కొన్ని గ్రామాల బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వెలువడింది. తేలు కుడితే తెలుస్తుంది. నీళ్లు పిల్లల పళ్లమీద మచ్చగా పైకి వచ్చేదాకా తెలియదు. ఆ యింటి బోరునీళ్లు పరీక్ష చేయించాకే పాపకు తాగించండి.

మీ అత్తగారు కూడా వస్తే ఆవిడకూ ఒక మంచం, ఒక దోమతెర ఏర్పాటు చెయ్యండి. "నాకు చల్లటి గచ్చుమీదే నిద్రపడుతుంది" అంటారు. ఒప్పుకోకండి.