విమానం రద్దయితే లెక్కుంది – చెరుకు పైసలు ఆగితే లెక్కేది?



విమానాల ముచ్చట మన పత్రికలో ఎందుకని మీకు అనిపించొచ్చు. మొదట మాకూ అట్లనే అనిపించింది. కానీ రెండేళ్ల కింద జరిగిన ఒక సంగతి వల్ల ఈ నాలుగు మాటలు రాయాల్సి వస్తున్నది.

పటాన్‌చెరు దగ్గరి ఒక ఊరి నుంచి ఒక పెద్దమనిషి మన సంఘం ఆఫీసుకు వచ్చిండు. రెండెకరాల ఆసామి. కొడుకును గల్ఫ్ పంపడానికి అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టిండు. ఏజెంటు రెండు వేర్వేరు టికెట్లు తీసిండు. ఒకటి శంషాబాద్ నుంచి ముంబైకి, రెండోది ముంబై నుంచి గల్ఫ్‌కు. తీరా ఎయిర్‌పోర్టుకు పోయినంక ముంబై విమానం రద్దయిందన్నరు. ఎందుకని అడిగితే సరైన జవాబు లేదు. గల్ఫ్ విమానం ముంబై నుంచి ఎగిరిపోయింది, ఆ టికెట్ సొమ్ము పాయె. 'రద్దయిన టికెట్ పైసలు తిరిగి ఖాతాలో పడతయి' అని కౌంటర్‌లో చెప్పి పంపిన్రు. పడ్డాయి కూడా, కాకపోతే ఏజెంటు ఖాతాలో. పరిహారం సంగతి ఆ పిల్లగానికి ఎవరూ చెప్పలేదు. తండ్రికి తెలవదు. నిజం చెప్పాలంటే ఆరోజు మాకూ తెలవదు.

తర్వాత మన వకీలు మిత్రుని దగ్గర కూర్చొని రూల్ చదివించుకున్నం. పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, పెట్టిన రూల్ అది. విమానం రద్దు సంగతి రెండు వారాల ముందే చెప్పి, వేరే విమానం చూపించాలి, లేదా పైసలు వాపసు ఇవ్వాలి. అట్ల టైముకు చెప్పకుండా రద్దు చేస్తే టికెట్ సొమ్ముకు తోడు పరిహారం కూడా కట్టాలి. గంట లోపు ప్రయాణమైతే 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటలైతే 7,500, రెండు గంటలు దాటితే 10,000. లేదంటే మూల ఛార్జీ, ఇంధనం ఛార్జీ కలిపిన మొత్తం. రెంటిలో ఏది తక్కువైతే అది. టికెట్ ఉండి, టైముకు వచ్చినా సీట్లు నిండినయని ఎక్కనియ్యకపోతే, గంట లోపల బయలుదేరే వేరే విమానం చూపించాలి. చూపించకపోతే పరిహారం 20,000 దాకా పోతది.

ఆలస్యానికి మన దేశంలో నగదు పరిహారం లేదు. చిన్న ప్రయాణమైతే రెండు గంటలు దాటిన ఆలస్యానికి తిండి, నీళ్లు ఇవ్వాలి. ఆరు గంటలు దాటేటట్టుంటే వేరే విమానమో, పూర్తి సొమ్మో ప్రయాణికుడు కోరుకున్నది ఇవ్వాలి. ఆలస్యం 24 గంటలు దాటితే హోటల్ గది ఇవ్వాలి. యూరప్ దేశాల్లో అయితే 2004లో చేసిన చట్టం కింద మూడు గంటల ఆలస్యానికే దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా కట్టిస్తున్నరు.

మరి ఆ పిల్లగానికి ఎందుకు రాలేదు? రూల్‌లో రెండు మెలికలున్నయి. టికెట్ తీసేటప్పుడు ప్రయాణికుని ఫోన్ నంబర్ సరిగ్గా ఇవ్వకపోతే పరిహారం ఇవ్వనక్కర లేదు. ఏజెంటు తన నంబర్ వేసుకున్నడు. రద్దయిందని సందేశం వచ్చిందో రాలేదో, వస్తే ఎప్పుడొచ్చిందో ఆయనకే ఎరుక. రెండోది, ముంబైలో ఎక్కాల్సిన విమానం కూడా ఒకే టికెట్ మీద ఉంటేనే అది తప్పినందుకు లెక్క. వేర్వేరు టికెట్లైతే రెండో దానికి మొదటి కంపెనీ జిమ్మేదారీ ఉండదు. మన జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయే పిల్లలు, ఆపరేషన్ కోసం బయటి ఊరికి పోయేటోళ్లు, చదువుకు పోయే బిడ్డలు, హజ్‌కు పోయే పెద్దలు ఈ రెండు మాటలు యాదిల పెట్టుకోవాలె. టికెట్ మీద మన నంబరే ఉండాలె. దారి మొత్తానికి ఒకే టికెట్ తీయించుకోవాలె.

ఇక అసలు మాటకు వద్దాం.

2025 డిసెంబరు మొదటి వారం టీవీల్లో అందరం చూసినం. ఇండిగో విమానాలు వందల కొద్దీ ఆగిపోయినయి. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దయినయి. శంషాబాద్‌లో కూడా జనం నేల మీద పండుకున్నరు. కారణం వాన కాదు, మంచు కాదు. పైలట్లకు వారానికి 48 గంటల విశ్రాంతి ఇవ్వాలని 2024 జనవరిలోనే రూల్ వచ్చింది. అది రెండు విడతల్లో అమలైంది, రెండో విడత 2025 నవంబరు 1 నుంచి. దానికి తగ్గట్టు మనుషులను సిద్ధం చేసుకోలేదు. అప్పుడు సర్కారు ఏం చేసింది? ఆగిన టికెట్ల సొమ్మంతా డిసెంబరు 7 రాత్రి 8 గంటల లోపల వాపసు చేయాలని తేదీ, టైము పెట్టి హుకుం ఇచ్చింది. మిగిలిన కంపెనీలు ధరలు పెంచకుండా 500 కిలోమీటర్ల లోపు 7,500, దూరాన్ని బట్టి 18,000 దాకా అని హద్దు కట్టింది. విమానయాన మంత్రి మన తెలుగాయనే, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. కంపెనీ కూడా 3, 4, 5 తేదీల్లో బాగా ఇబ్బంది పడ్డోళ్లకు, రూల్ ప్రకారం ఇచ్చే పరిహారానికి తోడు, 10,000 రూపాయల ప్రయాణ కూపన్లు ఇస్తమని ప్రకటించింది.

ఇది తప్పని మేం అంటలేం. మంచిదే. ఎయిర్‌పోర్టులో ఇరుక్కున్నోళ్లలో కూలికి పోయేటోళ్లు, పెళ్లికి పోయేటోళ్లు, తండ్రి చావుకు పోయేటోళ్లు ఉన్నరు. వాళ్ల కడుపు కోత మనకు తెలవంది కాదు. మేం అడిగేది ఒక్కటే. వారం రోజుల్లో గడియారం పెట్టి సొమ్ము వాపసు చేయించడం సర్కారుకు చేతనైతది అని ఆ డిసెంబరులో తేలిపోయింది. మరి ఆ గడియారం రైతు దగ్గరికి రాంగనే ఎందుకు ఆగిపోతది?

రైతుకు రూల్ లేదని ఎవరన్నా అంటే నమ్మకున్రి. ఉన్నయి. చెరుకు తీసుకోన్రి. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, చెరుకు అప్పజెప్పిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ పైసలు కట్టాలె. దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ కలిపి ఇయ్యాలె. అరవై ఏళ్ల రూల్ ఇది. మనలో చెరుకు వేసినోళ్లు ఎందరో ఉన్నరు. నెలల తరబడి ఫ్యాక్టరీ గేటు ముందర ధర్నా చేసి, అసలు తెచ్చుకునేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. లక్ష రూపాయలు ఆరు నెలలు ఆగితే 15 శాతం లెక్కన ఏడు వేల అయిదు వందలు వడ్డీ అయితది. ముంబై విమానం రద్దయితే చెప్పిన లెక్క కూడా అదే 7,500. ఆ వడ్డీ ఎందరి చేతికి వచ్చింది? మనమే 'అసలు వస్తే చాలు' అని దస్తఖతు పెట్టి వచ్చినం.

కరెంటు చూడున్రి. పల్లెల్లో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణం పెట్టింది. మార్చకపోతే వినియోగదారునికి పరిహారం ఉంది. మనం ఏం చేస్తున్నం? చందాలు పోగు చేసి, ట్రాక్టర్ మీద మనమే మోసుకపోయి, మనమే తెచ్చుకుంటున్నం. ఈలోపు మడి నెర్రెలు బారుతది.

భూమి చూడున్రి. జహీరాబాద్ నిమ్జ్ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా తీసుకోవాలని లెక్క వేసిన్రు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, భూమి స్వాధీనం చేసుకొని పరిహారం ఆపితే మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ కట్టాలె. ఇది కూడా కాగితం మీద ఉంది.

ఇక గడియారమే లేని కథ నక్కవాగుది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల రసాయనాల నీళ్లు వాగులో కలిసి మంజీరకు పోతుంటే, బోర్లు పాడై, పొలాలు పడావు పడి, పశువులు చస్తుంటే, డాక్టర్ కిషన్‌రావు లాంటి పెద్దలు జనాన్ని కూడగట్టి నడిచిన్రు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేండ్లు! కేసు మొదలైనప్పుడు నాగలి పట్టినోళ్లలో ఎందరో తీర్పు నాటికి లేనే లేరు. పంట ఎంత పోయింది, ఎవరి వల్ల పోయింది, ఎకరానికి ఎంత అని ప్రతిసారి మొదటి నుంచి రుజువు చేసుకోవాల్సి వచ్చింది. విమాన ప్రయాణికునికి ఆ బాధ లేదు. 'నీకు ఎంత నష్టం జరిగిందో చూపించు' అని ఎవరూ అడగరు. విమానం రద్దయిందా, టైముకు చెప్పిన్రా లేదా, అంతే. లెక్క ముందే రాసి ఉంది. మనకు కావాల్సింది సరిగ్గా అదే.

కొందరు మిత్రులు అంటరు, 'వ్యవసాయం వానతో నడిచేది, వానకు ఎవరి మీద కేసు పెడతం?' అని. నిజమే. విమానాల రూల్‌లో కూడా తుపాను, పొగమంచు, వరద, అల్లర్లు, సమ్మె లాంటివి వస్తే కంపెనీ పరిహారం కట్టనక్కర లేదు. మనం కూడా వానకు పరిహారం అడుగుతలేం, దానికి పంటల బీమా ఉండాలె. 2020 వానాకాలంలో రాష్ట్రం ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చినప్పుడు రైతుకు ఆ గొడుగు కూడా పోయింది. కానీ చెరుకు పైసలు ఆపింది వాన కాదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చనిది వాన కాదు. కాంటా అయినంక రెండు మూడు రోజుల్లో పైసలు అని చెప్పి వడ్ల పైసలు ఆపేది వాన కాదు. మనుషులు చేసే ఆలస్యానికి మనుషులే కట్టాలె.

ఇంకో మాట కూడా నిక్కచ్చిగా చెప్పుకోవాలె. విమానమెక్కేటోళ్లకు కూడా రూల్ ఉన్నంత మాత్రాన సొమ్ము దానంతట అది రాదు. అడిగినోనికే వస్తది. గల్ఫ్ పిల్లగానికి రానట్టే మనకు కూడా రాలేదు. తేడా ఏందంటే, డిసెంబరులో వాళ్లంతా ఒక్కసారే ఒక్కచోట అడిగిన్రు, దేశం విన్నది. మనం ఒక్కొక్కరం ఒక్కో ఆఫీసు చుట్టూ తిరుగుతున్నం.

అందుకే మేం సంఘం తరఫున అడుగుతున్నది ఇవి:

1. చెరుకు బకాయికి 15 శాతం వడ్డీని రైతు అడగకుండనే బిల్లులో కలపాలె.

2. వడ్ల సొమ్ముకు తేదీ పెట్టి, దాటితే రోజుకింత అని ముందే రాసిపెట్టాలె.

3. ట్రాన్స్‌ఫార్మర్ పరిహారం సంగతి ప్రతి సబ్‌స్టేషన్ గోడ మీద తెలుగులో రాయాలె.

4. ఫ్యాక్టరీ నీళ్లు పొలంలో పడితే కోర్టు తీర్పు దాకా ఆగకుండా, ఎకరానికి ఇంత అని వెంటనే ఇచ్చే మధ్యంతర పరిహారం ఉండాలె.

మనం చేయాల్సినవి కూడా ఉన్నయి. చెరుకు తూకం చీటీ, కాంటా రసీదు పారేయకున్రి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రోజునే ఫిర్యాదు చేసి నంబర్ రాసుకోన్రి. పరిష్కారం కాకపోతే కరెంటు వినియోగదారుల ఫిర్యాదుల వేదికకు పోవచ్చు. విత్తనాలు మొలవకపోతే సంచి, బిల్లు దాచిపెట్టున్రి. రైతు కూడా వినియోగదారుడే అని 2012 జనవరిలో జాతీయ విత్తన సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు నడిపింది మన ఉమ్మడి రాష్ట్రం రైతులే. సంగారెడ్డిలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న వస్తువు ధర అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేండ్లు. విమానం టికెట్ గొడవైనా అక్కడికే పోవచ్చు. ముందు 1915 నంబర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించున్రి.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు కింద ఉన్నది కూడా ఒకప్పుడు మనలాంటి రైతుల భూమే. అక్కడి బోర్డు మీద ఏ విమానం ఎన్ని నిమిషాలు ఆలస్యమో ఎర్రక్షరాల్లో చూపిస్తరు. మన వడ్ల సెంటర్ ముందర, చెరుకు ఫ్యాక్టరీ గేటు ముందర కూడా ఒక బోర్డు పెట్టమని అడుగుదాం. ఎవరి పైసలు ఎన్ని దినాల నుంచి ఆగినయో ఊరంతా చదవాలె. వచ్చే నెల మండల సమావేశాలకు మీ మీ చీటీలు, రసీదులు పట్టుకొని రాన్రి. అందరి బాకీ ఒక్క కాగితం మీద రాసి, వడ్డీతో సహా అడుగుదాం.