బండిలో బస

బండిని ఇల్లుగా చేసుకోవడం మనవాళ్ళకు నిన్నమొన్నటి వేడుక కాదు. గూడుబండిలో వరిగడ్డి పరచి, పైన జంపఖానా వేసి, బియ్యం పప్పులు మూటగట్టుకొని తిరునాళ్ళకు తరలిన పెద్దల ముచ్చట్లు ప్రతి ఇంటా వున్నవే. మోటారు కాలంలో ఆ పని లోకమంతా చూచేటట్టు చేసినవారు నందమూరి తారక రామారావు గారు. చాలా ఏళ్ళు ఈ చెన్నపట్నంలోనే కాపురమున్న ఆయన 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించి, ఒక పాత షెవర్లే వానును సవరింపజేసి చైతన్యరథమని పేరు పెట్టారు. పైకప్పు మీద నిలబడి మాట్లాడడానికి వేదిక, మైకులు అమర్చారు. కుమారుడు హరికృష్ణ గారు తోలేవారు. ఊళ్ళ వెంట తిరిగినన్నాళ్ళు ఆ బండే ఆయనకు బస. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు.

మన సంసారాలకు అంత రథం అక్కరలేదు. నెల్లూరు వైపు స్వంత వూరికో, తిరుపతికో వెళ్ళేటప్పుడు అమ్మగారు కాళ్ళు చాపుకొనడానికి, పసివాడు నిద్రపోవడానికి, వేళకు కాఫీ తాగడానికి వీలుంటే చాలు. అందుకని ఇంట్లో వున్న వానునే స్వయంగా మార్చుకోవాలని ఉబలాటపడేవారు మనలో పెరుగుతున్నారు. ఉబలాటం మంచిదే. ఎంతవరకు అన్నదే ప్రశ్న.

మొదట చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేటట్టు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణతో, ఇటువంటి మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండూ గాని పడవచ్చు. సీట్లు పీకివేస్తే పత్రంలోని సీట్ల సంఖ్య తప్పుతుంది. పైకప్పు కోసి ఎత్తు పెంచినా అంతే. రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీవారు ఇదే పట్టుకొని పేచీ పెట్టవచ్చు. స్వంత వాడకానికి కాంపర్ వాను అన్న తరగతి చట్టంలో లేకపోలేదు. పూర్తిగా అలా మార్చదలచినవారు రంపం పట్టకముందే ఆర్.టి.ఓ. ఆఫీసులో అర్జీ పెట్టి, అనుమతి కాగితం చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాలి.

కాబట్టి మేము చెప్పే సూత్రం ఒక్కటే: ఎక్కించినది సాయంత్రానికి దింపగలిగేటట్టు వుండాలి. ప్లైవుడ్డుతో రెండు పెట్టెలు చేయించి, మూతలపై పరుపు వేస్తే, నిలిపినప్పుడు మంచం, లోపల సామాను. బండి కదిలేటప్పుడు మాత్రం పెట్టెలను పట్టీలతో బిగించాలి. మనుషులు సీట్లలో బెల్టు పెట్టుకొనే కూర్చోవాలి. పరుపు మీద పడుకొని ప్రయాణం చేస్తే సడన్ బ్రేకుకు పట్టు దొరకదు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఇరవై కిలోలు. అలాంటివి రెండు ముందు, వెనుక చక్రాల మధ్య నేల మీద పెట్టుకోవాలి. బరువు పైకప్పు మీదికి పోయినకొద్దీ మలుపులో బండి తూలుతుంది.

మన చెన్నపట్నపు ఎండకు ముందు నీడ కావాలి, తరువాత గాలి. బండి నిలిపినప్పుడు అద్దాలకు మెరుపు రేకు అట్టలు తొడిగి, కిటికీలకు అయస్కాంతాలతో అతుక్కొనే దోమతెరలు కడితే ఖర్చు తక్కువ, సుఖం ఎక్కువ. విద్యుత్తుకు లెక్క వేసుకోవాలి. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1,200 వాట్-గంటలుంటాయి. లెడ్ యాసిడ్ రకమైతే సగమే వాడుకోవాలి, అంటే 600. ఇరవై వాట్ల ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు తిరిగితే 320. అయిదు వాట్ల దీపాలు రెండు నాలుగు గంటలకు 40. సెల్‌ఫోన్లకు పోగా ఇంకా మిగులుతుంది. ఈ బ్యాటరీ ఇంజను బ్యాటరీకి వేరుగా వుండాలి. లేకపోతే రాత్రంతా ఫ్యాను తిరిగి, తెల్లవారి బండి కదలదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి. ఈ వైరింగు మాత్రం తెలిసిన ఆటో ఎలక్ట్రీషియను చేతనే చేయించండి.

ఇక ప్రాణం మీది మాట. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో, రోడ్డు పక్కన నిలిపిన క్యారవానులో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏ.సి. కోసం జనరేటరు నడిచింది. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు బండి అడుగునున్న రంధ్రం గుండా లోపలికి చేరిందని నిపుణుల పరిశీలనలో తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో వున్నవాడికి మేలుకొనే వ్యవధి కూడా ఇవ్వదు. తీగ కోసమని నేలకు బెజ్జం వేసేవారు ఈ సంగతి మరవరాదు. ఇంజను గాని జనరేటరు గాని నడుపుతూ తలుపులు బిగించి నిద్రపోవద్దు. వంటగ్యాసు గాలికంటె బరువు. కారితే నేలమట్టాన పేరుకొని ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకొని వుంటుంది. అందుచేత పొయ్యి బయట చెట్టు కింద వెలిగించడమే మంచిది. కార్బన్ మోనాక్సైడును పసిగట్టి కూతపెట్టే చిన్న యంత్రాలు, మంట ఆర్పే సిలిండర్లు బజారులో దొరుకుతున్నాయి. పరుపు గుడ్డ ఏ రంగుదో ఎంచేముందు ఈ రెండూ కొనండి.

పెద్దవాళ్ళను సుఖంగా తీసుకువెళ్ళాలనే గదా ఈ తాపత్రయమంతా. మొదటి రాత్రి ఏ దూరపు వూరిలోనో కాక, మన వాకిట్లోనే బండి నిలిపి, ఇంటిల్లిపాదీ అందులో పడుకొని చూడండి. ఏది చాలదో, ఏది ఎక్కువో ఆ రాత్రే తెలిసిపోతుంది.