సొంతిల్లొచ్చాక చూద్దాంలే

పెళ్లయి పంతొమ్మిదేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడిళ్లు, ఎల్బీనగర్‌లో రెండు. అన్నీ అద్దెవే. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎక్కువసార్లు వినిపించిన మాట ఒకటే: "సొంతిల్లొచ్చాక చూద్దాంలే."

పుట్టింటివాళ్లిచ్చిన డిన్నర్ సెట్టు అట్టపెట్టె విప్పకుండా అటకమీదే ఉంది. ఒకసారి శిల్పారామంలో నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు చేసిన లాంప్ షేడ్ చూశాను. లోపల దీపం వెలిగితే తోలు మీద రంగులన్నీ మెరుస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. చేతిలోకి తీసుకుని, "అద్దె కొంపకెందుకులే" అని అక్కడే పెట్టేసి వచ్చాను.

ఈమధ్య ఆన్‌లైన్‌లో మనమే కూర్చుకునే లాంప్ షేడ్ ఒకటి తెప్పించాను. డెన్మార్క్ డిజైనర్ హోల్గర్ స్ట్రోమ్ 1973లో చేసిన ఐక్యూ లైట్ నమూనా. ముప్పై పల్చటి ప్లాస్టిక్ ముక్కలు, అన్నీ ఒకేలా ఉంటాయి. జిగురక్కర్లేదు, స్క్రూలక్కర్లేదు. ఒకదాని కొక్కెం ఇంకోదానికి తగిలించడమే. ఒకచోట ఐదు కలవాలి, ఇంకోచోట మూడు. చెప్పడం తేలికే! మొదటి గంట నాకు బంతి బదులు గిన్నె తయారైంది.

ఇంటర్ చదువుతున్న మావాడు పుస్తకం పక్కన పడేసి వచ్చి కూర్చున్నాడు. "అమ్మా, ఇక్కడ నాలుగు కలిపావు చూడు" అంటూ విప్పాడు. మా అత్తయ్య పూలమాల కట్టే చేత్తోనే టకటకా తగిలించేశారు. రాత్రి పదింటికి గుండ్రటి దీపం తయారైంది. హాల్లో పాత హోల్డరుంటే, గోడకి చిల్లు పెట్టకుండా ఎలక్ట్రీషియన్ తగిలించి వెళ్లాడు. లోపల చిన్న ఎల్ఈడీ బల్బు పెట్టాం. అది ఎక్కువ వేడెక్కదు.

స్విచ్చి వేశాక మావాడు పైకి చూస్తూ, "మనిల్లు మారినట్టుందమ్మా" అన్నాడు. నాకు గుండెలో కలుక్కుమంది. వచ్చే ఏడు వాడు హాస్టలుకి వెళ్లిపోతాడు. వాడి చిన్నతనమంతా ఆ ఒక్క ట్యూబులైటు కిందే గడిచింది. రేపు సొంతిల్లొచ్చినా, అందులో వాడు పండక్కి వచ్చే చుట్టమే కదా!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడం కష్టమే, కాదనను. ఈఎంఐలకి భయపడి పొదుపు చేయడమూ తప్పు కాదు. కానీ రిజిస్ట్రేషన్ కాగితం వచ్చేదాకా బతకడం వాయిదా వేస్తే నష్టపోయేది మనమే. అద్దె ఇంటివాళ్లది, అందులో గడిచే రోజులు మాత్రం మనవి. అలాగని అప్పు చేసి ఇల్లు అలంకరించుకోమని చెప్పను. ఉన్నవాటినే వాడుకుందాం. కొనేది ఏదైనా మనతో వచ్చేలా ఉంటే చాలు. ఈ దీపం విప్పితే ముప్పై ముక్కలూ ఒక్క కవర్లో పడతాయి. రేపు ఇల్లు ఖాళీ చేయమన్నా చంకలో పెట్టుకుని వెళ్లిపోవచ్చు.

నిన్న ఆదివారం అటకెక్కి డిన్నర్ సెట్టు దింపాను. రెండు ప్లేట్లు ఎప్పుడో పగిలిపోయి ఉన్నాయి. మిగిలిన వాటిలో పప్పుచారు అన్నం తిన్నాం.

మీ అటకమీద ఏముంది?