దూరపు లేతు నునుపు

వర్క్‌షాపు పెట్టదలచిన పాఠకులకు ఒక మాట. హోసూరులోని మా మేనల్లుడు తల్లి గాజులు కుదువబెట్టి, రాజ్‌కోట్‌లో నున్న పాత లేతు మిషనుకు అడ్వాన్సు పంపబోయినాడు. ఫోటోలో కొత్త రంగు మెరయుచున్నది.

"ఆగరా అల్లుడూ, రంగు చూచి కొందురా?" అంటిని.

అమ్మేవానితో సంబంధము లేని టర్నరు నొకనిని అక్కడనే కుదిర్చి, రోజుకూలి యిచ్చి చూపించితిమి. చక్కులో కమ్మీ బిగించి పైకెత్తి చూచినాడు, స్పిండిలు ఊగలేదు. ఊగినను బేరింగులు మార్చుకొనవచ్చును. పిమ్మట క్యారేజీని బెడ్డు పొడవునా నడిపినాడు. చక్కు దగ్గర వదులు, అవతలి చివర బిగువు! అనగా ఎక్కువ పని జరిగినచోట బెడ్డు అరిగినది. అట్టి లేతు సమముగా కోయదు. బెడ్డు మరల గ్రైండింగు చేయించుట బహు ఖర్చు.

బేరము మానుకొంటిమి. రోజుకూలి పోయినది, గాజులు దక్కినవి.